యుద్ధ విమానాల కొనుగోలు: పదే పదే వచ్చే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

వార్తల్లో విమానాల ఒప్పందం పేరు కనిపించినప్పుడల్లా నాకు అవే సందేహాలు వస్తుంటాయి. బంధువులు అడుగుతారు, పాత విద్యార్థులు అడుగుతారు, రైల్లో ఎదురు సీటు వారు కూడా అడుగుతారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. ప్రశ్నలు అడిగినవారి మాటల్లోనే ఉన్నాయి. ఏ జవాబుకు ఆ జవాబే కనుక మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్ళవచ్చు.

## కొనాలనుకునే దశ

మంచి విమానం ఏదో చూసి కొనేయడానికి పదిహేనేళ్ళు ఎందుకు?

ఏది మంచిదో తేల్చడం అన్నింటిలోకీ సులువైన పని. 2007 ఆగస్టులో 126 విమానాలకు టెండరు పిలిచాం. రఫేల్, యూరోఫైటర్ టైఫూన్, అమెరికా ఎఫ్-16, ఎఫ్-18, రష్యా మిగ్-35, స్వీడన్ గ్రిపెన్ పోటీకి వచ్చాయి. బెంగళూరు గాలిలోను, జైసల్మేర్ ఎండలోను, లేహ్ ఎత్తులోను వాటిని నడిపి చూశారు. 2011 ఏప్రిల్ నాటికి వాయుసేన రెండింటిని ఎంచింది. 2012 జనవరి 31న రఫేల్ ముందు నిలిచింది. అంటే ఎంపికకు పట్టింది నాలుగున్నరేళ్ళు. సంతకం మాత్రం 2016 సెప్టెంబరులో పడింది, అదీ వేరే ఒప్పందం మీద. మధ్యలో పోయిన కాలమంతా ఎక్కడ తయారు చేయాలి, ఎవరు పూచీ పడాలి, రహస్యాలు ఎంతవరకు ఇస్తారు అన్న బేరానికే సరిపోయింది.

ఇంకొకటి కూడా ఉంది. 1987లో బోఫోర్స్ ఫిరంగుల ముడుపుల గొడవ బయటపడిన తరువాత ఢిల్లీలో ఫైలు మీద సంతకం పెట్టే చేతికి వణుకు పట్టుకుంది. కొంటే విచారణ రావచ్చు, కొనకపోతే ఎవరూ అడగరు. ఏ అధికారి అయినా రెండోదే ఎంచుకుంటాడు.

42 స్క్వాడ్రన్లు కావాలంటారు. ఆ లెక్క ఏమిటి?

స్క్వాడ్రన్ అంటే సుమారు 16 నుంచి 18 విమానాల దళం. పాకిస్థాన్, చైనా రెండు వైపులా ఒకేసారి ఒత్తిడి వస్తే తట్టుకోవడానికి మంజూరైన సంఖ్య 42. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పాక మిగిలినవి 29. కొత్తవి వచ్చే వేగం కంటే పాతవి పోయే వేగం ఎక్కువ. దాని ఫలితమే ఇది.

ఆరు రకాల విమానాలు ఎందుకు? అన్నీ ఒకే దేశం నుంచి కొంటే మరమ్మతులు తేలిక కదా?

మెకానిక్కును అడిగితే మీరన్నదే నిజమంటాడు. విదేశాంగ శాఖను అడిగితే తల అడ్డంగా ఊపుతుంది. సుఖోయ్-30, మిగ్-29 రష్యావి. మిరాజ్-2000, రఫేల్ ఫ్రాన్స్‌వి. జాగ్వార్ బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చేసింది. తేజస్ మనది. ఒక్కొక్కదానికి వేరే విడిభాగాలు, వేరే పనిముట్లు, వేరే శిక్షణ. ఖర్చు తడిసి మోపెడవుతుంది. అయినా మన జుట్టంతా ఒకరి చేతికే ఇవ్వకూడదన్న జాగ్రత్త ఈ కలగూరగంప వెనుక ఉంది.

పంపకం లెక్క కూడా ఉంది. 2011 ఏప్రిల్‌లో అమెరికా విమానాలు రెండూ పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చినప్పుడు అప్పటి రాయబారి తిమోతీ రోమర్ బహిరంగంగానే తీవ్ర నిరాశ ప్రకటించారు. అదే సంవత్సరం మనం అమెరికా నుంచి పది సి-17 రవాణా విమానాలకు ఒప్పందం చేసుకున్నాం. ఆ తరువాత అపాచీ హెలికాప్టర్లు వచ్చాయి. యుద్ధ విమానం ఒకరికి, రవాణా విమానం మరొకరికి, క్షిపణి వ్యవస్థ ఇంకొకరికి. పెళ్ళిలో బట్టలు పెట్టినట్టు ఎవరినీ చిన్నబుచ్చకుండా సర్దడం మన పద్ధతి. అది తెలివో, ఖరీదైన మొహమాటమో ఒప్పందాన్ని బట్టి నా అభిప్రాయం మారుతుంటుంది.

ట్రంప్ ఎఫ్-35 ఇస్తానన్నారు కదా, ఎందుకు ఊరుకున్నాం?

2025 ఫిబ్రవరిలో మోదీ వాషింగ్టన్ వెళ్ళినప్పుడు అన్న మాట అది. దాని మీద లాంఛనంగా చర్చలేవీ జరగలేదని అదే ఏడాది ఆగస్టులో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. చిక్కు ధరతోనే కాదు. ఎఫ్-35 కొన్న దేశం సాఫ్ట్‌వేరు నవీకరణకైనా, విడిభాగానికైనా, శత్రు రాడార్ల వివరాలున్న దత్తాంశానికైనా అమెరికా వైపు చూడాలి. తన సొంత పరికరాలు అమర్చుకునే వెసులుబాటు సాధించినది ఇజ్రాయెల్ ఒక్కటే. పైగా మన దగ్గర శత్రు విమానాలను కూల్చే రష్యా క్షిపణి వ్యవస్థ ఎస్-400 ఉంది. ఆ రెండూ ఒకే ఆవరణలో ఉండటం అమెరికాకు ససేమిరా ఇష్టం లేదు.

## పోటీ, బేరం దశ

ఒక్క రఫేల్ ధర ఎంత? ఒకరు 670 కోట్లంటారు, ఒకరు 1,600 కోట్లంటారు.

రెండూ తప్పు కాదు, వారు లెక్కిస్తున్న వస్తువులు వేరు. 2016 నవంబరులో ప్రభుత్వం పార్లమెంటులో చెప్పిన సుమారు 670 కోట్లు ఒట్టి విమానం ధర. మన కోసం చేసిన మార్పులు, ఆయుధాలు, నిర్వహణ అందులో లేవు. మొత్తం ఒప్పందం 787 కోట్ల యూరోలు, అంటే అప్పటి మారకంలో దాదాపు 59,000 కోట్ల రూపాయలు. దాన్ని 36తో భాగిస్తే 1,600 దాటుతుంది. ఆ మొత్తంలో మీటియర్, స్కాల్ప్ క్షిపణులు, విడిభాగాలు, స్థావరాల్లో ఏర్పాట్లు, నిర్ణీత శాతం విమానాలు ఎప్పుడూ ఎగరడానికి సిద్ధంగా ఉండాలన్న నిర్వహణ హామీ అన్నీ ఉన్నాయి.

ఇల్లు ఎంతకు కొన్నావని అడిగితే ఒకడు గోడల ధర చెబుతాడు, మరొకడు రిజిస్ట్రేషను, బోరు, ఇంటీరియరుతో కలిపి చెబుతాడు. అధికార పక్షానికి చిన్న అంకె ముద్దు, ప్రతిపక్షానికి పెద్ద అంకె ముద్దు. కుర్చీలు మారితే అంకెలూ మారతాయి. కాబట్టి ఎక్కడైనా ఒక ధర కనిపిస్తే ముందు అడగవలసింది ఆ మూటలో ఏమేమి కట్టారని.

ఎల్-1 అంటే తక్కువ ధర పాడినవాడికే ఇవ్వడమా?

రోడ్డు కాంట్రాక్టులో దాదాపు అంతే. విమానాల విషయంలో కొనే ధర ఒక్కటే చూడరు. ముప్పై నలభై ఏళ్ళు ఎగిరినంత కాలం పోయవలసిన ఇంధనం, మార్చవలసిన ఇంజన్లు, చేయించవలసిన మరమ్మతులు కలిపి లెక్క కడతారు. 2012లో టైఫూన్ మీద రఫేల్ గెలిచింది ఆ లెక్కలోనే. కాకపోతే సాంకేతిక పరీక్ష దాటాక రెండు మార్కులు ఎక్కువ వచ్చిన విమానానికి కాస్త ఎక్కువ ధర ఇద్దామంటే అప్పటి నిబంధన ఒప్పుకునేది కాదు. దాటారా లేదా అన్నదే అప్పట్లో ప్రశ్న. ఎంత బాగా దాటారన్న దానికి విలువ ఉండేది కాదు.

126 కాస్తా 36 ఎలా అయ్యాయి?

మొదటి పథకం ప్రకారం 18 విమానాలు ఫ్రాన్స్ నుంచి ఎగిరి రావాలి, 108 బెంగళూరులో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారు చేయాలి. హెచ్‌ఏఎల్ చేసిన 108కి కూడా పూచీ మీదేనని మన ప్రభుత్వం రఫేల్ తయారు చేసే దసో కంపెనీతో అంది. మా కార్ఖానాలో చేయని దానికి మేమెలా పూచీ పడతామని వారు బిగుసుకున్నారు. హెచ్‌ఏఎల్‌లో అదే పనికి ఎక్కువ పనిగంటలు పడతాయి, ఆ అదనపు ఖర్చు ఎవరిది అన్న తగాదా కూడా తోడైంది. 2015 ఏప్రిల్ 10న మోదీ పారిస్‌లో 36 విమానాలు నేరుగా కొంటామని ప్రకటించారు. పాత టెండరు రద్దయింది.

ఇక్కడ "జాతి ప్రయోజనం" అనే మాటను ముగ్గురు మూడు వైపులా లాగారు. వాయుసేనకు విమానాలు త్వరగా కావాలి. హెచ్‌ఏఎల్‌కు పని కావాలి. ఆర్థిక శాఖకు ఖర్చు తగ్గాలి. వాయుసేన మాట కొంత నెగ్గింది, సంఖ్య మాత్రం మూడో వంతు కూడా దక్కలేదు. 2020 జూలై 29న మొదటి ఐదు అంబాలాలో దిగాయి. రెండు సీట్ల రఫేళ్ళ తోక మీద ఆర్‌బీ అనే అక్షరాలు ఉంటాయి. బేరసారాల బృందానికి నాయకత్వం వహించి, తరువాత వాయుసేనాధిపతి అయిన భదౌరియా పేరులోవి అవి. కొన్నవారి పేరు విమానం మీద ఎక్కడం అరుదు. ఆ బేరం ఎంత దూరం నడిచిందో దానిని బట్టి ఊహించుకోవచ్చు.

ఇంతకీ రఫేల్‌లో అవినీతి జరిగిందా, లేదా?

రికార్డులో ఉన్నది చెబుతాను. 2018 డిసెంబరు 14న సుప్రీంకోర్టు విచారణకు ఆదేశించడానికి నిరాకరించింది. 2019 నవంబరు 14న పునస్సమీక్ష పిటిషన్లనూ కొట్టేసింది. 2019 ఫిబ్రవరిలో కాగ్ నివేదిక కొత్త ఒప్పందం పాత బేరం కంటే 2.86 శాతం చవక అని చెప్పింది, అయితే ధరల వివరాలను నల్లటి గీతలతో కప్పేసి. 2021లో ఫ్రాన్స్‌లో ఒక న్యాయమూర్తి దర్యాప్తు మొదలుపెట్టారు. ప్రతిపక్షం ఆరోపణలు చేసింది, ప్రభుత్వం, కంపెనీ వాటిని తోసిపుచ్చాయి. ఇంతకు మించి ఎవరైనా ఖచ్చితంగా చెబుతున్నారంటే వారి పార్టీ ఏదో కనుక్కోండి.

ఆఫ్‌సెట్ అంటే కమీషనా?

కాదు. మన దగ్గర తీసుకున్న డబ్బులో కొంత భాగం విలువకు సరిపడా ఇక్కడ కొనుగోళ్ళు చేయడమో, పెట్టుబడి పెట్టడమో చేయాలన్న షరతు. 2005లో 30 శాతంతో మొదలైంది. రఫేల్‌కు 50 శాతం పెట్టారు. వినడానికి బాగుంటుంది కానీ అమ్మేవాడు ఆ భారాన్ని ముందే ధరలో కలిపేస్తాడు. మన సొమ్ముతోనే మనకు వడ్డన అన్నమాట. అనుకున్నంత సాంకేతికత రాలేదన్న విమర్శల తరువాత 2020లో ప్రభుత్వాల మధ్య నేరుగా జరిగే ఒప్పందాలకు ఈ షరతు తీసేశారు.

డబ్బుకు బదులు సరుకులతో కూడా విమానాలు కొంటారట, నిజమా?

నిజమే. 1985లో మొదలైన అల్ యమామా ఒప్పందంలో సౌదీ అరేబియా బ్రిటన్‌కు ముడి చమురుతో చెల్లించింది. 2003లో మలేషియా రష్యా నుంచి సుఖోయ్‌లు కొంటూ కొంత భాగం పామాయిల్ రూపంలో ఇచ్చింది. 1960లలో మనం సోవియట్ మిగ్‌లను రూపాయి వాణిజ్యంలో కొన్నాం. డాలర్లు కరువైన ఆ రోజుల్లో మిగ్ మనకు అంత నచ్చడానికి అదీ ఒక కారణం.

## అమ్మేవారి లెక్కలు

డబ్బు కట్టేశాక కూడా విమానాలు ఇవ్వకుండా ఉండగలరా?

ఉండగలరు, ఉన్నారు. మన పక్కింటి కథే చూడండి. అఫ్ఘానిస్థాన్‌లో సోవియట్ సేనలున్నంత కాలం పాకిస్థాన్ అణు కార్యక్రమం అమెరికా కంటికి ఆనలేదు. 1989లో ఆ సేనలు వెళ్ళిపోయాయి. 1990 అక్టోబరులో ప్రెస్లర్ చట్టం కింద, పాకిస్థాన్ దగ్గర అణ్వాయుధం లేదని ఇవ్వవలసిన ధ్రువీకరణను అమెరికా అధ్యక్షుడు ఇవ్వలేదు. పాకిస్థాన్ కోసం తయారైన 28 ఎఫ్-16లు అరిజోనా ఎడారిలో, పాత విమానాలను దాచే మైదానంలో నిలిచిపోయాయి. అందుకోసం పాకిస్థాన్ కట్టిన సొమ్ము దాదాపు 65 కోట్ల డాలర్లు. ఆ విమానాలను న్యూజిలాండ్‌కు లీజుకు ఇవ్వాలనుకున్నారు. అక్కడ ప్రభుత్వం మారి 2000లో అదీ రద్దయింది. 1998 చివర్లో కుదిరిన పరిష్కారంలో పాకిస్థాన్‌కు కొంత నగదు, మిగతా దానిలో కొంత గోధుమ వంటి సరుకులు దక్కాయి. యుద్ధ విమానాల కోసం డబ్బు కట్టి గోధుమలు తెచ్చుకోవడం చరిత్రలో ఎక్కువసార్లు జరిగి ఉండదు.

దీనికి మనవారు కొందరు నవ్వుకున్నారు. నవ్వవలసింది లేదు. విమానం అదే, చట్టం అదే, పాకిస్థాన్ అదే. మారింది అమెరికా అవసరం ఒక్కటే.

స్వీడన్ విమానం స్వీడన్ అమ్ముకోవడానికి అమెరికా అనుమతి ఎందుకు?

ఇంజను వారిది కాబట్టి. 1978లో మనం వెతుకుతున్న దాడి విమానానికి స్వీడన్ విగెన్ కూడా పోటీలో ఉంది. దాని ఇంజను అమెరికా నమూనా మీద తయారైంది. అమెరికా కుదరదంది, విగెన్ తప్పుకుంది, జాగ్వార్ వచ్చింది.

ఇంకా ముచ్చటైన ఉదాహరణ ఇజ్రాయెల్. 50 మిరాజ్-5లకు ఫ్రాన్స్‌కు డబ్బు కట్టింది. 1967 యుద్ధంతో ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్ ఆంక్ష పెట్టారు. ఆ విమానాలు చివరికి ఫ్రెంచి వాయుసేనకే పోయాయి. ఇక ఎవరినీ నమ్మకూడదని ఇజ్రాయెల్ మిరాజ్ ఆకృతి మీదే సొంతంగా క్ఫిర్ అనే విమానం చేసుకుంది, అందులో అమెరికా ఇంజను పెట్టింది. 1977లో ఈక్వెడార్‌కు 24 క్ఫిర్లు అమ్మబోతే అమెరికాలోని కార్టర్ ప్రభుత్వం అడ్డుపడింది. ఫ్రాన్స్ గుమ్మం నుంచి బయటపడి అమెరికా గుమ్మంలో నిలబడ్డట్టయింది. విమానం మీద ఏ జెండా వేసినా ఇంజను ఎవరిదో వారి మాట వింటుంది. ఈ పేజీ మొత్తంలో నేను గట్టిగా చెప్పగలిగిన మాట ఇదే.

నాలుగు దేశాలు కలిసి చేసిన టైఫూన్ విషయంలో మాట ఎవరిది?

వద్దనేవారిది. బ్రిటన్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్‌లలో ఏ ఒక్కటి కాదన్నా ఎగుమతి ఆగుతుంది. సౌదీకి మరిన్ని టైఫూన్లు అమ్మాలని బ్రిటన్ తహతహలాడుతుంటే జర్మనీ ఏళ్ళ తరబడి అడ్డుకుని 2024 జనవరిలో వదిలింది. టర్కీకి కూడా అంతే. జర్మనీ మెత్తబడ్డాకే 2025 అక్టోబరులో 20 విమానాల ఒప్పందం కుదిరింది. 1985లోనే ఫ్రాన్స్ ఈ ఉమ్మడి కాపురం నుంచి విడిపోయింది. నావల మీద దిగగల విమానం కావాలి, పెత్తనం మాది కావాలి అంది. అలా పుట్టినదే రఫేల్. చాలా ఏళ్ళు దానికి విదేశీ గిరాకీయే లేదు. మొదటి విదేశీ ఒప్పందం ఈజిప్టుతో 2015లో కుదిరింది. ఒంటరి కాపురానికి ఖర్చు ఎక్కువే, కానీ అమ్మాలనుకున్నప్పుడు ఇంకో రాజధానిని అడగనక్కరలేదు. మన వంటి కొనుగోలుదారుకు రఫేల్‌లో కనిపించే పెద్ద ఆకర్షణ అదేనని నా అనుమానం.

రష్యా ఎస్-400 కొన్నందుకు టర్కీని శిక్షించి, మనల్ని వదిలేశారేం?

టర్కీ ఎఫ్-35 పథకంలో భాగస్వామి. ఆ విమానానికి విడిభాగాలు కూడా తయారు చేసేది. 2019 జూలైలో ఎస్-400 దిగగానే పథకం నుంచి బయటికి పంపారు, 2020 డిసెంబరులో ఆంక్షలు వేశారు. మనం 2018 అక్టోబరులో 543 కోట్ల డాలర్లకు అదే ఎస్-400 కొన్నాం. రష్యా ఆయుధాలు కొన్నవారి మీద ఆంక్షలు వేసే అమెరికా చట్టం ఇద్దరికీ ఒకటే. కానీ చైనా ఎదురుగా ఉన్నంత కాలం భారత్‌ను దూరం చేసుకోవడం అమెరికాకు లాభం కాదు. ఈ దయకు గడువు తేదీ ఎక్కడా రాసి లేదు.

విదేశీ విమానాల్లో దూరం నుంచి ఆపేసే మీట ఉంటుందట కదా?

అటువంటి మీట ఉన్నట్టు బయటపడిన ఆధారం లేదు. దాని అవసరమూ లేదు. విడిభాగాలు ఆపితే కొన్ని నెలల్లో సగం విమానాలు షెడ్డుకు చేరతాయి. సాఫ్ట్‌వేరు ఆపితే కొత్త బెదిరింపులను గుర్తించలేవు. గేదెను ఎవరూ కట్టేయనక్కరలేదు, మేత ఆపితే చాలు.

## సొంతంగా చేసుకునే దశ

1961లోనే మనం జెట్ విమానం చేశాం కదా, ఏమైంది?

మారుత్. జర్మన్ నిపుణుడు కుర్ట్ టాంక్ బెంగళూరుకు వచ్చి మన ఇంజనీర్లతో కలిసి రూపొందించిన విమానం. 1961 జూన్ 17న ఎగిరింది. ఆకృతి ధ్వని వేగాన్ని దాటడానికి తగినట్టు గీశారు. దానికి సరిపోయే ఇంజను బ్రిటన్‌లో అభివృద్ధి దశలో ఉండగా, పూర్తి చేయడానికి పెట్టుబడి అడిగారు. మనం ఇవ్వలేదు. ఏనుగును కొని అంకుశం దగ్గర పీనాసితనం చూపినట్టయింది. చివరికి బలం చాలని ఆర్ఫియస్ ఇంజన్లు రెండు పెట్టి సరిపెట్టారు. ఈజిప్టుతో కలిసి ఇంజను చేద్దామన్న ప్రయత్నమూ సాగలేదు. 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు బాగానే పోరాడాయి. 147 తయారయ్యాక కథ ముగిసింది. మారుత్ మొదటిసారి ఎగిరిన రోజు నుంచి లెక్కిస్తే, మరో సొంత యుద్ధ విమానం గాలిలోకి లేవడానికి నలభై ఏళ్ళు పట్టింది.

తేజస్‌కు ఇన్నేళ్ళు పట్టడం మన చేతకానితనమేనా?

కొంత అవును. 1983లో మంజూరైన పథకానికి డబ్బు, మనుషులు విడతల వారీగా ఇచ్చాం. వాయుసేన మధ్యమధ్యలో కోరికల జాబితా పెంచింది. వాయుసేన, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో, హెచ్‌ఏఎల్ ఒకరి మీద ఒకరు చెప్పుకున్న ఫిర్యాదులు రాస్తే ఇంకో పేజీ కావాలి.

కొంత కాదు. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలయ్యాక అమెరికా ఆంక్షలు పెట్టింది. అక్కడ లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి విమాన నియంత్రణ వ్యవస్థ మీద పనిచేస్తున్న మన ఇంజనీర్లను పంపించేశారు. సరంజామా అక్కడే ఉండిపోయింది. వారు బెంగళూరు వచ్చి ఆ సాఫ్ట్‌వేరును తిరిగి పూర్తి చేశారు. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ విమానాన్ని లేపి, సురక్షితంగా దించారు. ఆంక్షలు రెండున్నరేళ్ళు తిన్నాయి, ఒక విద్య నేర్పి వెళ్ళాయి. ఇంజను విషయంలో అటువంటి అదృష్టం కలగలేదు.

ఒక్క ఇంజను చేయడం అంత కష్టమా? రాకెట్లు పంపుతున్నాం కదా!

రాకెట్ ఇంజను నిమిషాల్లో పని ముగిస్తుంది. విమానం ఇంజను వేల గంటలు మండాలి, పైలట్ మీట తోసినప్పుడల్లా తగ్గుతూ పెరుగుతూ.

టర్బైన్‌లోని ఒక్క రెక్కను చూడండి, చిన్నది అరచేతిలో ఇమిడిపోతుంది. దాని మీదుగా వీచే వాయువు వేడి ఆ లోహం కరిగే వేడి కంటే ఎక్కువ. కరగకుండా ఉండటానికి లోపల వంకర టింకర సొరంగాలు, పైన సన్నని రంధ్రాలు పెట్టి వాటిలోంచి చల్లగాలి ఊదుతారు. నిమిషానికి వేల చుట్లు తిరిగే వేగానికి సాగిపోకుండా రెక్క మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. లోహంలో ఒక్క అతుకు గీత ఉన్నా పగులు అక్కడే మొదలవుతుంది. ఈ పోత విద్య కొన్ని దేశాల దగ్గరే ఉంది, ఎవరూ అమ్మరు. 2021లో హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల ఇటువంటి ఏకస్ఫటిక రెక్కలు చేసి, హెలికాప్టర్ ఇంజను కోసం 60 రెక్కలను హెచ్‌ఏఎల్‌కు అందించింది. యుద్ధ విమానం ఇంజను ఇంకా పై మెట్టు. 1989లో మొదలైన కావేరీ ఇంజను కావలసినంత బలం ఇవ్వక 2008లో తేజస్ నుంచి విడిపోయింది.

83 తేజస్‌లు ఆర్డర్ ఇచ్చి ఏళ్ళు గడిచాయి, ఆలస్యం ఎవరి వల్ల?

2021 ఫిబ్రవరిలో 83 మార్క్-1ఏ విమానాలకు, ఆ ఆగస్టులో అమెరికాకు చెందిన జీఈ నుంచి 99 ఎఫ్-404 ఇంజన్లకు ఒప్పందాలు జరిగాయి. అప్పటికి మన రకం ఇంజను తయారీ వరుస కొన్నేళ్ళుగా మూతపడి ఉంది. తిరిగి తెరవడం, సరఫరాదారులను కూడగట్టడం ఆలస్యమై, మొదటి ఇంజను 2025 మార్చిలో వచ్చింది. ఇంజనుతో పాటు మన వైపు సాఫ్ట్‌వేరు, ఆయుధ పరీక్షల పని కూడా మిగిలి ఉండింది కనుక మొత్తం నెపం అమెరికా మీద వేయలేం. ఇంత జరిగాక కూడా 2025 సెప్టెంబరులో ఇంకో 97 విమానాలకు, నవంబరులో 113 ఇంజన్లకు అదే తలుపు తట్టాం. వేరే తలుపు లేదు.

## మన ప్రాంతం, మన పిల్లలు

హైదరాబాదులో రఫేల్ భాగాలు చేస్తారంటే ఆ విద్య మనకు వచ్చినట్టేనా?

సగం వచ్చినట్టు. ఆదిబట్ల వైపు ఉన్న కార్ఖానాల్లో సి-130జె రవాణా విమానం తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ దేహాలు ఏళ్ళుగా తయారవుతున్నాయి. 2025 జూన్‌లో దసో, టాటా సంస్థలు రఫేల్ దేహాన్ని హైదరాబాదులో చేస్తామని ప్రకటించాయి. ఫ్రాన్స్ వెలుపల ఇదే మొదటిసారి. తేజస్ మధ్య దేహాన్ని హైదరాబాదు కంపెనీ ఒకటి చేసి ఇస్తోంది. వెంట్రుక మందం తేడా రాకుండా లోహాన్ని కోయడం, వేల రివెట్లు బిగించడం, ప్రతిదానికీ కాగితం మీద లెక్క చూపడం చిన్న విద్య కాదు. అయితే గీసిచ్చిన బొమ్మ ప్రకారం కుట్టే దర్జీకి, బొమ్మ గీసేవాడికి తేడా ఉంది.

ఇది మనకు కొత్తా కాదు. మిగ్-21 దేహం నాసిక్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులో, ఇంజను సాలూరు ఘాట్ ఎక్కి వెళ్తే వచ్చే కొరాపుట్‌లో తయారయ్యేవి. కొరాపుట్‌లో దశాబ్దాలుగా వందల ఇంజన్లు బిగించారు. సొంత ఇంజను గీయడం ఆ బిగింపు నుంచి రాలేదు.

మా అబ్బాయి ఏరోనాటిక్స్ చదువుతానంటున్నాడు, పంపమంటారా?

పంపండి. మెటలర్జీ మీద ఇష్టం ఉంటే ఇంకా మంచిది. ఎవరూ అటు వైపు చూడటం లేదు.

అమెరికాలో ఎమ్మెస్ చేసి ఈ యుద్ధ విమానాల కంపెనీల్లో చేరవచ్చా?

పౌర విమానాల వైపు దారులున్నాయి. యుద్ధ విమానాల వైపు కష్టం. అమెరికా ఆయుధ ఎగుమతి నియమాల ప్రకారం ఆ సమాచారం విదేశీయుడికి చూపించినా ఎగుమతి చేసినట్టే లెక్క, అతను అమెరికా గడ్డ మీదే కూర్చుని ఉన్నా సరే. అందుకే ప్రకటనల్లో పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలని రాస్తారు. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఆ గదుల తలుపు తెరుచుకోదు. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి అక్కడ ఇంజన్ల చల్లదనం మీదే పరిశోధన చేసింది. ఉద్యోగం మాత్రం కరెంటు ఉత్పత్తి చేసే గ్యాస్ టర్బైన్ల దగ్గర దొరికింది. రెక్కలు దాదాపు అవే, రంధ్రాలూ అవే. "మేడ మీద ఇంకో విభాగం ఉంది సార్, లిఫ్టులో ఆ అంతస్తు బొత్తాం నా కార్డుకు వెలగదు" అంది పోయినసారి ఫోనులో.